మూడో ప్రకటన

శుక్రవారం ఆరాధనలో పాస్టరు గారు పెళ్ళి ప్రకటన చదువుతుండగా దేవసహాయం లేచి నిలబడ్డాడు.

ఆ ప్రకటన ఆయన సొంత మనవరాలిదే. కెజియా పేరు, పెళ్ళికొడుకు పేరు, ఇద్దరి తల్లిదండ్రుల పేర్లు చదివి, "వీరికి వివాహం జరగకూడదని ఎవరికైనా తగిన కారణం తెలిస్తే తెలియజేయాలి. ఇది మొదటి ప్రకటన" అని పాస్టరు గారు ఒక్క క్షణం ఆగారు. పెళ్ళికి ముందు మూడు వారాలు ఇలా చదవడం, ఇక్కడ ఆగడం మామూలే. ఎవరూ లేవరు. కాగితం మడిచి పాట నంబరు చెబుతారు. ఆ రోజు మాత్రం ఆయన చేతిలో కాగితం అలాగే ఉండిపోయింది.

దోహాలో, మెసైమీర్ చర్చి కాంప్లెక్స్‌లోని ఆ హాల్లో రెండు వందల మంది తెలుగువాళ్ళు తలలు తిప్పి చూశారు. దేవసహాయానికి డెబ్బై ఏడేళ్ళు. ముందు బల్ల అంచు పట్టుకుని నిలబడి ఉన్నాడు. పెదవులు కదులుతున్నాయి గాని మాట రావడం లేదు.

"తాతగారూ, ఏమైనా చెప్పాలా?" అని మెల్లగా అడిగారు పాస్టరు గారు.

"లేదండీ. కాళ్ళు తిమ్మిరెక్కాయి."

అలా అని బల్లల మధ్య నుంచి నడుచుకుంటూ బయటికి వెళ్ళిపోయాడు. ఆయన కూతురు విజయరాణి వెనకాలే లేచింది. రెండు వరుసల ముందు కూర్చున్న పెళ్ళికొడుకు తల్లి ఆమె వెళ్ళేదాకా తల తిప్పి చూస్తూనే ఉంది.

విజయరాణి అల్ ముంతజాలో ఒక క్లినిక్‌లో ల్యాబ్ టెక్నీషియన్. దోహా వచ్చి పంతొమ్మిదేళ్ళయింది. భర్త దూరాన దుక్కాన్ చమురు క్షేత్రంలో పని చేస్తాడు, వారానికి ఒక్క రోజు ఇంటికి వస్తాడు. తల్లి పోయాక తండ్రిని తాడేపల్లిగూడెం నుంచి తనే తీసుకొచ్చి దగ్గర పెట్టుకుంది. ఆయన ఎప్పుడూ ఎవరినీ ఇబ్బంది పెట్టిన మనిషి కాదు. కూర బాగోలేదని కూడా అనడు. అలాంటివాడు రెండు వందల మంది ముందు లేచి నిలబడటం ఆమెకు అర్థం కాలేదు.

ఇంటికి వచ్చాక కెజియా గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. సాయంత్రం పెళ్ళికొడుకు తల్లి ఫోన్ చేసింది. "పెద్దాయనకి మా అబ్బాయి గురించి ఎవరైనా ఏదైనా చెప్పారా వదినా? ఏదున్నా ఇప్పుడే చెప్పెయ్యండి. మూడో ప్రకటన అయ్యాక తెలిస్తే పరువు పోద్ది."

"అదేం లేదొదినా. నిజంగానే కాళ్ళు తిమ్మిరి" అంది విజయరాణి. అన్నదేగాని తనకే నమ్మకం లేదు. తండ్రిని రెండుసార్లు అడిగింది. "చెప్పాను కదమ్మా" అన్నాడు ఆయన రెండుసార్లూ.

మర్నాడు డ్యూటీ తొందరగా అయిపోయి ఆరింటికే ఇంటికి చేరింది. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో వాళ్ళది అయిదు వాటాలుగా చేసిన పాత విల్లా. గేటు పక్క గదిలో రాజేశం ఉంటాడు. క్లినిక్ వ్యాను డ్రైవరు, రామాయంపేట దగ్గరి పల్లెటూరివాడు. సాయంత్రాలు అతనూ తన తండ్రీ గేటు దగ్గర కుర్చీలు వేసుకుని మాట్లాడుకుంటారని విజయరాణికి తెలుసు. ఏం మాట్లాడుకుంటారో ఎప్పుడూ వినలేదు. ఆ వేళకి ఆమె ఎప్పుడూ డ్యూటీలోనే ఉంటుంది.

గేటు బయట టాక్సీ దిగి నాలుగడుగులు వేసేసరికి గోడ అవతల నుంచి మాటలు వినిపించాయి.

"గట్లెట్ల లేసినవ్ తాత? పోరి ఏడుస్తున్నదంట గద."

"నాకెరుక లేకుంటనే లేసిన రాజేశం. పంతులు గా మాట అనంగనే కాళ్ళు అవే లేసినయి. యాభై అయిదేండ్ల కింద లేవాల్సినోన్ని, ఇప్పుడు లేసిన."

రెండో గొంతు తన తండ్రిదని గుర్తుపట్టడానికి విజయరాణికి కొంతసేపు పట్టింది. గొంతు ఆయనదే, మాట మాత్రం ఆమె ఎన్నడూ విననిది. తెలిసినంత కాలం ఆయన గోదావరి జిల్లా మాటే మాట్లాడాడు. సొంత ఊరు ఏదంటే "హైదరాబాద్ అవతల" అనేవాడు, అక్కడ మనవాళ్ళెవరూ మిగల్లేదు అనేవాడు. ఆమె గేటు తియ్యకుండా అక్కడే నిలబడింది.

"మెదక్ చర్చి కాంపౌండ్ల మా నాయిన తోటమాలి" అంటున్నాడు దేవసహాయం. "సుగుణ అని ఒక పిల్లతోని నా లగ్గం ఖాయం చేసిన్రు. నన్ను అడగలే, ఆమెనూ అడగలే. గప్పుడు ఎవరు అడుగుతరు? మూడు ఆదివారాలు నా పేరు సదివిన్రు. మూడుసార్లూ నేను ఆడనే కూసున్న. నోరు తెరవలే. ఇగ లగ్గం నాడు పొద్దుగాల లేసి, బస్సెక్కి సికింద్రాబాద్ పోయి, ఆడికెల్లి రైలెక్కిన. మల్ల పోలే."

"మల్ల పోనే పోలేదా? అమ్మ, నాయిన?"

"పోలే. నాయిన పోయిండని ఉత్తరం వచ్చింది, ఎవరికి అడ్రస్ దొరికిందో ఏమో. అమ్మ ఎప్పుడు పోయిందో గదీ తెల్వదు."

విజయరాణి గేటు తీసింది. కిర్రుమన్న చప్పుడుకి ఇద్దరూ చూశారు. దేవసహాయం ముఖం పాలిపోయింది. "ఏమ్మా, ఇవాళ తొందరగా వచ్చేశావు?" అన్నాడు, ఆమెకు అలవాటైన మాటలో.

"విన్నాను నాన్నా."

రాజేశం కుర్చీలోంచి లేచి, చెయ్యడానికి ఏమీ లేకపోయినా వ్యాను దగ్గరికి వెళ్ళాడు.

ఆమెకు కోపం వచ్చింది. పెళ్ళి నాడు పారిపోయినందుకు కాదు, అది ఆమె పుట్టక ముందు మాట. తనకో నాయనమ్మ ఉండి, ఎప్పుడో ఒకనాటి దాకా బతికి ఉండి, తనను చూడకుండానే పోయిందన్నందుకు. ఆ మాటే అంది. ఆయన తల వంచుకుని విన్నాడు. అన్నీ విని, "కెజియాని ఒకసారి పిలువు" అన్నాడు.

కెజియా వచ్చి ఎదురుగా నిలబడింది. కళ్ళు ఇంకా ఉబ్బే ఉన్నాయి.

"ఈ పెళ్ళి నీకిష్టమేనా అమ్మా?"

"అదేంటి తాతయ్యా! తనని ఎంచుకుందే నేను. అమ్మావాళ్ళు తర్వాత ఒప్పుకున్నారు."

"నిజంగా?"

"నిజంగా."

"అయితే సరే" అన్నాడు దేవసహాయం. "నేను లేచింది నీ గురించి కాదు. మీ అత్తగారితో నేనే మాట్లాడతాను, ఫోన్ కలుపు."

ఆవిడతో ఏం చెప్పాడో గాని పది నిమిషాలు మాట్లాడాడు. చివరికి ఆవిడే "ఆరోగ్యం చూసుకోండి బాబాయిగారూ" అని పెట్టేసింది. అయినా తరువాతి రెండు శుక్రవారాలూ ఆయన చర్చికి రాలేదు. మూడో ప్రకటన చదివిన శుక్రవారం మధ్యాహ్నం అన్నం తింటూ, "నన్నొకసారి మెదక్ తీసుకెళ్తావా?" అని కూతుర్ని అడిగాడు. తనకోసం ఆయన ఏదైనా అడగడం ఆమెకు గుర్తున్నంతలో అదే మొదలు.

పెళ్ళి మార్చి ఆఖరున. జనవరి చివర్లో విజయరాణికి వారం రోజులు సెలవు దొరికింది. రాజేశం చెల్లెలు గంగాబాయి మెదక్‌లో చర్చి రోడ్డు మీద చిన్న టీ హోటలు నడుపుతుంది. అతను ఆమెకు ఫోన్ చేసి చెప్పాడు. విమానాశ్రయానికి దింపుతూ, "మేమూ చిన్నప్పుడు క్రిస్మస్‌కు ఆ గుడికి పోతుంటిమక్కా" అన్నాడు. "మా అవ్వ ఆడ కొబ్బరికాయ కొట్టాలని చూసేది, వాళ్ళు వద్దనేటోళ్ళు. దండం పెట్టుకొని వచ్చేటోళ్ళం."

శంషాబాద్‌లో దిగి టాక్సీ మాట్లాడుకున్నారు. దారి పొడవునా దేవసహాయం కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు గాని ఒక్క ఊరినీ గుర్తుపట్టలేదు. మెదక్ ఇంకా కొంత దూరం ఉందనగా పొలాల మీదుగా చర్చి గోపురం కనిపించింది. "ఆపండి" అన్నాడు. డ్రైవరు ఆపాడు. ఆయన దిగలేదు. ఒక నిమిషం చూసి, "పోనియ్" అన్నాడు.

గంగాబాయి హోటలు ముందే నిలబడి ఉంది. నలభై ఏళ్ళ మనిషి, గట్టి గొంతు. "రాజేశమన్న చెప్పిండు. ముందుగాల చాయ్ తాగుండ్రి, గుడి యాడికీ పోదు" అని కుర్చీలు తుడిచి వేసింది. టీ తాగుతుండగా దేవసహాయం అడిగాడు, ఎటో చూస్తూ: "సుగుణ అని... పాత కాంపౌండ్ల ఉండేటిది. ఉన్నదో లేదో."

"సుగుణవ్వనా? ఉన్నది. గీ సందులనే వాళ్ళ కొడుకు ఇల్లు. రోజూ పదింటికి గుళ్ళెకు వస్తది, గంటసేపు కూసొని పోతది."

అప్పుడు తొమ్మిదిన్నర.

చెప్పులు బయట విడిచి మెట్లెక్కారు. విజయరాణి ఇంత పెద్ద చర్చి ఎన్నడూ చూడలేదు. దోహాలో వాళ్ళు ఆరాధన చేసే హాలుకు బయట సిలువ ఉండదు, గంట ఉండదు. ఇక్కడ తల వెనక్కి వంచితే తప్ప పైకప్పు కనిపించడం లేదు. పాదాల కింద గచ్చు చల్లగా ఉంది. తూర్పు కిటికీలోని రంగు రంగుల గాజు మీద ఎండ పడి సిలువ మీది ప్రభువు బొమ్మ వెలుగుతోంది. గోడవార నలుగురు యాత్రికులు ఫోటోలు తీసుకుంటున్నారు. వాళ్ళ మాటలు పైకి వెళ్ళి తిరిగి వస్తున్నాయి.

దేవసహాయం ఒక స్తంభం దగ్గర ఆగి రాయి మీద అరచెయ్యి పెట్టాడు. "మా తాత దీనికి రాళ్ళు మోశాడు. కరువులో. పని చేసినోళ్ళకి తిండి పెట్టేవారంట. ఆయనా, మా నాయనమ్మా ఇద్దరూ మోశారు. అలా వాళ్ళు ఈ దేవుణ్ణి నమ్ముకున్నారు."

"నాకెప్పుడూ చెప్పలేదే?"

"చెబితే తీసుకురమ్మని అడిగేదానివి."

విజయరాణి కూడా ఆ స్తంభం మీద చెయ్యి పెట్టింది. ఏ రాయి మోశారో తెలిసే దారి లేదు. అయినా అందినంత మేర తడిమి చూసింది.

మధ్య దారికి కుడివైపు ఒక చోటు చూపించి, "అప్పట్లో చాపలు పరిచేవారు. మగవాళ్ళం ఇటు, ఆడవాళ్ళు అటు. నేను ఇక్కడే కూర్చున్నాను" అన్నాడు. అక్కడ ఇప్పుడు బల్లలున్నాయి. ఒక బల్ల మీద కూర్చుని, ఆయన ప్రార్థన చేయలేదు, ఊరికే ముందుకు చూస్తూ ఉన్నాడు. ఆమె పక్కన కూర్చుంది.

సరిగ్గా పదింటికి పక్క తలుపులోంచి ఒక ముసలామె చేతికర్రతో వచ్చింది. సన్నగా, నిటారుగా ఉంది. తెల్లటి నేత చీర. గంగాబాయి తలుపు దాకా తోడు వచ్చి వెనక్కి వెళ్ళింది. ముసలామె నేరుగా వాళ్ళ దగ్గరికే వచ్చి ఆగింది.

"దేవయ్యా" అంది. "ముసలోనివైనవ్."

దేవసహాయం లేవబోయాడు.

"కూసో, కూసో. గంగాబాయి ఫోన్‌ల చెప్పింది, ఎవరో ముసలాయన నా పేరు అడిగిండని. మెదక్‌ల నా పేరు అడిగే ముసలోళ్ళు ఇంకెవరు మిగిలిన్రు? నువ్వేనని ఎరుకైంది." విజయరాణి వైపు చూసి, "బిడ్డనా?" అంది. "నీది మీ నాయినమ్మ ముక్కే."

విజయరాణి జరిగి చోటిచ్చింది. సుగుణమ్మ కూర్చుని చేతికర్ర ఒళ్ళో పెట్టుకుంది.

దేవసహాయం చేతులు జోడించాడు. ఈ మాట ఆయన దారిలో ఎన్నిసార్లు అనుకున్నాడో గాని, చివరికి ఒక్క ముక్కే వచ్చింది. "నీకు నేను అన్యాలం చేసిన సుగుణా. మాఫ్ చెయ్యి."

"నాకేం చేసినవ్?" అంది సుగుణమ్మ. ఆమె నిజంగానే అడిగినట్టుంది. "నాలుగొద్దులు ఊరోళ్ళు నవ్విన్రు. గంతే. నేను నిన్ను సరిగ్గ సూసిందే లేదు, ఏడుద్దునా? ఏడాది తిరక్కముందే హాస్పిటల్ల కంపౌండరుతోని లగ్గమైంది. మంచోడు. నలభై ఏండ్లు సంసారం చేసిన. నలుగురు పిల్లలు." ఆయన వైపు తిరిగింది. "ఏడ్చింది నేను గాదు. మీ అమ్మ."

ఫోటోలు తీసుకునేవాళ్ళు వెళ్ళిపోయారు.

"నాకు కొన్న పెండ్లి చీర తెచ్చి మీ అమ్మనే నాకిచ్చింది" అంది సుగుణమ్మ. "గా చీరతోనే నా లగ్గమైంది. గప్పుడు చెప్పింది నాకు. మూడో ఆదివారం పంతులు సదువుతుంటే నువ్వు లేవబోయినవంట. ఒక మోకాలు లేపినవంట. ఆడోళ్ళ దిక్కుకెల్లి మీ అమ్మ సూసి, కూసో అని చెయ్యి ఊపిందంట. 'వాన్ని నేనే కూసోవెట్టిన సుగుణా, లేకుంటే ఆడనే చెప్పేసి ఇంట్లనే ఉండేటోడు. నా కొడుకును నేనే ఎల్లగొట్టుకున్న' అని. సచ్చేదాకా గదే మాట. ఎవరు ఏం చెప్పినా ఇనలే."

విజయరాణి తండ్రి ముఖం చూసింది. ఆయన ఎదుటి వరుసకేసి, దారికి అవతల, ఒకప్పుడు ఆడవాళ్ళు కూర్చునే చోటుకేసి చూస్తున్నాడు. దూరం ఇరవై అడుగులుంటుంది.

"చెయ్యి ఊపింది నిజమే" అన్నాడు. "నాకు యాది ఉన్నది. గాని గంత దూరంల ఉన్న చెయ్యి నన్నెట్ల ఆపుతది సుగుణా? అమ్మ ఆపలే. నేనే లేవలే."

"గీ మాట ఆమెకు చెప్పాల్సింది."

"చెప్పాల్సింది."

ఆయన ఏడ్చాడు. చప్పుడు లేకుండా, కండువా ముఖానికి అడ్డం పెట్టుకుని. విజయరాణి ఆయన వీపు మీద చెయ్యి వేసింది. గేటు బయట నిలబడి విన్నప్పటి కోపం ఇంకా లోపల కొంత ఉంది. కాని అది ఇప్పుడు ఎవరి మీదో ఆమెకే తెలియలేదు. సుగుణమ్మ మాత్రం రోజూ చేసినట్టే కళ్ళు మూసుకుని తన ప్రార్థన తాను చేసుకుంది.

పదకొండింటికి ముగ్గురూ ఆటోలో సమాధుల తోటకు వెళ్ళారు. కంచె దగ్గర దిగి సుగుణమ్మ కర్ర ఊపుకుంటూ ముందు నడిచింది. వేప చెట్టు అవతల మూడో వరుసలో ఒక సిమెంటు పలక. చుట్టూ గడ్డి పీకి శుభ్రంగా ఉంది. పలక ఆరకముందే పుల్లతో రాసినట్టున్నాయి అక్షరాలు: సాలమ్మ, 1991. దాని కింద చిన్నగా: దేవయ్య తల్లి.

"మా ఆయన రాసిండు" అంది సుగుణమ్మ. "ఏం రాయాలె అని అడిగితే గిదే రాయమన్న. ఆమె ఎవరికన్న పేరు చెప్పుకుంటే గట్లనే చెప్పుకునేది."

దేవసహాయం కష్టపడి నేల మీద కూర్చున్నాడు. పలక మీది దుమ్ము చేత్తో తుడిచాడు. తరువాత వంగి, పక్కనున్న మనిషితో మాట్లాడినట్టు మామూలు గొంతుతో మాట్లాడటం మొదలుపెట్టాడు. తన పెళ్ళి గురించి, రైస్ మిల్లులో ఉద్యోగం గురించి, విజయరాణి పుట్టినప్పటి వాన గురించి. విజయరాణి కొంతసేపు విని, సుగుణమ్మ చెయ్యి పట్టుకుని దూరంగా నడిచింది. అవి తనకు చెబుతున్న మాటలు కావు.

నాలుగు రోజులు మెదక్‌లోనే ఒక లాడ్జిలో ఉన్నారు. అయిదో రోజు పొద్దున సామాను సర్దుతుంటే దేవసహాయం గుమ్మంలో నిలబడి, "నేనింకా కొన్నాళ్ళు ఉంటాను" అన్నాడు.

"ఎక్కడుంటావు నాన్నా? బీపీ మాత్రలెవరు చూస్తారు?"

"గంగాబాయి హోటలు మీద గది ఖాళీగా ఉంది. మాత్రలు నేను వేసుకోగలను. పెళ్ళికి పదిహేను రోజుల ముందు వచ్చేస్తాను. మార్చి పన్నెండుకి టికెట్టు మార్పించు."

వద్దని చెప్పడానికి విజయరాణి దగ్గర చాలా కారణాలున్నాయి. ఒక్కటీ చెప్పలేదు. మాత్రలు రోజువారీగా పొట్లాలు కట్టి, పొద్దున, రాత్రి అని రాసి, గంగాబాయికి రెండుసార్లు వివరించి చెప్పింది. "నువ్వు పో అక్కా, మా నాయిన లెక్క సూసుకుంట" అంది గంగాబాయి.

దోహాలో రాజేశం విమానాశ్రయానికి వచ్చాడు. ఆమె ఒక్కతే రావడం చూసి, "తాత ఏడక్కా?" అన్నాడు కంగారుగా. జరిగిందంతా దారిలో చెప్పింది. అతను స్టీరింగు మీద చేత్తో కొట్టి, "మా గంగాబాయి హోటల్ల ఉంటే ఇగ చాయ్‌కి కొదవ లేదు" అని నవ్వాడు. కొంత దూరం పోయాక, "నేను సుత అమ్మను సూసి మూడేండ్లయిందక్కా. గీసారి కంపెనీని సెలవు అడుగుత" అన్నాడు.

ఆ తరువాత రోజూ పది గంటల ప్రాంతంలో, క్లినిక్‌లో రద్దీ కొంచెం తగ్గినప్పుడు, తండ్రి ఫోన్ వస్తోంది. అంతకు ముందు ఆయన ఎప్పుడూ తనంతట తాను ఫోన్ చెయ్యలేదు. చేసినా ఏం చెప్పేవాడు కాదు. ఇప్పుడు చెబుతున్నాడు.

"ఇవాళ ఇద్దరు కలిశారమ్మా. స్కూల్లో నాతో చదివినోళ్ళు. ఒకాయన గుర్తుపట్టాడు. ఇంకొకాయనకి కళ్ళు కనపడవు, నా చెయ్యి పట్టుకుని ఎవరి కొడుకువి అని అడిగాడు. చెప్పాను."

"ఏమన్నాడు?"

"మాలి కొడుకువా, మీ అమ్మ కారం అన్నం పెట్టేది మాకు అన్నాడు. అది నాకే గుర్తు లేదు. ఆయనకి గుర్తుంది." వెనక నుంచి గంగాబాయి ఎవరినో కేకలేస్తోంది. "సరేమ్మా, నీకు డ్యూటీ ఉంది కదా. రేపు చేస్తాను."

విజయరాణి ఫోన్ జేబులో పెట్టుకుని, చేతులు కడుక్కుని, కొత్త గ్లవ్స్ తొడుక్కుని తరువాతి టోకెన్ నంబరు పిలిచింది.